ఏడవొద్దన్న మాటను తెలుగు చేసిన రోజులు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతారు, హీబ్రూ ఎన్నేళ్లకు వస్తుందని అడుగుతారు. నేర్చుకుంటే వస్తుంది నాయనా, అదేమన్నా బ్రహ్మవిద్యా అంటాను. ప్రమోషన్లు ఎట్లా ఉంటాయంటారు. ఉండవంటాను. సగం మంది మళ్లీ కనిపించరు. మిగిలిన సగం మంది కోసమే ఇది రాస్తున్నాను.

నేను బైబిలు తర్జుమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అందులోనూ నా వంతుకు వచ్చినవి ప్రవక్తల పుస్తకాలు. ప్రవక్తలంటే జాతకాలు చెప్పేవాళ్లు కారు. తమ జనం మీదికి రాబోయే నాశనాన్ని ముందే చూసి నెత్తీ నోరూ బాదుకున్నవాళ్లు. వాళ్ల మాటల్లో సగానికి సగం చావే, ఏడుపే. పోనీ దాన్నయినా సూటిగా చెబుతారా అంటే చెప్పరు. ఊరు పాడైపోతుంది అనకుండా, ఓ తల్లీ గుండు చేయించుకో అంటారు. కరువొచ్చింది అనకుండా, భూమి ఏడుస్తోంది అంటారు. ఆ బొమ్మలన్నిటినీ నల్లగొండ, పాలమూరు జనానికి తెలిసే తెలుగులో పెట్టడమే నా ఉద్యోగం.

అట్లాంటి బొమ్మ ఒకటి, మా రాతలు దిద్దే పెద్దసారు సంసారంలోకి వచ్చి కూర్చుంది. జయరాజు సారు తన భార్య చనిపోయిన రోజు ఏడవలేదు. కూతురిని ఏడవనివ్వలేదు. ఆ కూతురు తండ్రితో మళ్లీ మాట్లాడుతుందా అన్న దిగులుతోనే మా పని చివరి భాగమంతా నడిచింది. ప్రవక్తల పేర్లు ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లకు పేరుతో పనిలేదు.

పెద్దసారు

నాది నారాయణపేట. మగ్గాల ఇల్లు. మేము చర్చికి పోయేవాళ్లం కాదు. తెలుగు చదివాను, హైదరాబాదులో బైబిలు తర్జుమాల్లో పనికి కుదిరాను, అక్కడే దాని మూలభాష హీబ్రూ నేర్చుకున్నాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో, మన మాటలో ప్రవక్తల పుస్తకాలు తేవాలని నల్లగొండలో చిన్న ఆఫీసు పెట్టి నన్ను పిలిచారు. మొదటి రోజే, ఆఫీసు నడిపే చర్చి కమిటీలో పెద్ద ఒకాయన నా నుదుటి మీద బొట్టు చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు.

"అమ్మా, రేపట్నించి జర అది తీసి రావాలె" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా జయరాజు సారు కుర్చీలోంచి తల కూడా ఎత్తకుండా, "ఆమె నొసలు తర్జుమా చేస్తదా, చెయ్యి తర్జుమా చేస్తదా?" అన్నాడు. అంతే. నేను రిటైరయ్యేదాకా ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సారుది నకిరేకల్. పొడుగు మనిషి, తక్కువ మాట. ఆయన చేతిలో ఎర్ర పెన్ను ఉంటే మాకు జ్వరం వచ్చినంత పనయ్యేది. తెలుగు బాగుండాలని నేనొక మాట ఎక్కువ వేస్తే దాని చుట్టూ సున్న చుట్టి, "సరళమ్మా, గీ మాట ప్రవక్త చెప్పిండా, నువ్వు చెప్పినవా?" అనేవాడు. నేనే చెప్పాను సారూ, బాగుంటుందని అంటే, "నీ మాటలు నువ్వు రిటైరైనంక రాసుకో" అనేవాడు. ఇదిగో, రాసుకుంటున్నాను.

కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తర్జుమాలో తప్పు తెలియక జరిగేది తక్కువ. మూలం రాసినవాడి కన్నా మనకు జాలి ఎక్కువైనప్పుడు, లేదా భయం ఎక్కువైనప్పుడు, ఒక మాట చల్లగా వచ్చి చేరుతుంది. దాన్ని పట్టుకోవడానికే పైన ఒక ఎర్ర పెన్ను ఉండాలి. ఆ ఎర్ర పెన్ను పట్టిన మనిషే ఒక మాట కలిపితే ఏం చేయాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

గుట్టకు పోయొచ్చిన తల్లి

మేము రాసిందాన్ని అచ్చుకు పంపే ముందు ఊళ్లకు తీసుకుపోయి చదివి వినిపించేవాళ్లం. బడి వరండాలోనో, ఎవరి ఇంటి అరుగు మీదనో పదిమందిని కూర్చోబెట్టి, చదివి, ఏం అర్థమైందో చెప్పమనేవాళ్లం. బైబిలు ముఖం చూడనివాళ్లయితేనే మంచిది. చర్చికి పోయేవాళ్లకు మాట అర్థం కాకపోయినా తల ఊపడం అలవాటు.

నకిరేకల్ పక్క ఊళ్లో ఒక ప్రవక్త మాట చదివాం. ఆయన ఊరినే తల్లిగా చేసి, నీ ముద్దుబిడ్డలు నిన్ను విడిచి పోయారు, వాళ్ల కోసం గుండు చేయించుకో, రాబందు తలలాగా బోడి చేసుకో అంటాడు. కడుపు తరుక్కుపోవలసిన చోటు. చదవడం అయ్యాక ఒకామె కొంగు సర్దుకుని నవ్వుతూ అడిగింది.

"ఏ గుట్టకు మొక్కిందమ్మా ఆమె? పిల్లలు మంచిగున్నరా ఇప్పుడు?"

మన దగ్గర ఆడమనిషి గుండు చేయించుకుందంటే గుట్ట మీది దేవుడికి మొక్కు తీరిందని. చావుకు గుండు చేయించుకునేది మగవాడే, అదీ తల్లో తండ్రో పోతే. కొడుకు కోసం తల్లి గుండు చేయించుకోవడం ఎక్కడా లేదు. నేను ఆఫీసుకు వచ్చి గుండు అన్న మాట తీసేసి, గుండెలు బాదుకో అని రాశాను. మన తల్లులు చేసేది అదే కదా అని వాదించాను. సారు ఒప్పుకోలేదు. "బిడ్డ కోసం తల్లి తల బోడి చేసుకోవాల్సి వచ్చింది. తలకిందులైంది లోకం. గా తలకిందులే ఆయన చెప్పేది. దాన్ని నువ్వు సాపు చేస్తే ఇగ మిగిలేదేంది?" అన్నాడు. చివరికి గుండును అట్లాగే ఉంచి, మొదట్లో 'ఏడుపుకు గుర్తుగా' అన్న మాట ఒక్కటి పెట్టాం. అది మేము వేసిన మాటని అడుగున చిన్న అక్షరాల్లో చెప్పాం కూడా. మళ్లీ చదివినప్పుడు ఆమే ఈసారి నవ్వలేదు. "అయ్యో, తల్లి బిడ్డకు తీయించుకునుడేంది!" అని నోరు నొక్కుకుంది. సారన్నది నిజమే.

అన్నీ అంత కష్టపెట్టలేదు. భూమి ఏడుస్తోంది అన్న మాటను మోత్కూరు దగ్గర చదివితే, బోరు ఎండి తోట నరికేసుకున్న ఒక రైతు, "అవును, ఏడుస్తది. మాది ఏడ్వంగ నేను జూసిన" అన్నాడు. ఆ మాటకు అడుగున ఏ అక్షరాలూ అవసరం రాలేదు. ఇంకొకచోట ప్రవక్త నిప్పుకోడిలాగా మూలుగుతానంటే, కోడి అన్న మాట వినపడగానే మగవాళ్లు కూర సంగతి ఎత్తుకున్నారు. అట్లాంటివి చెప్పుకుని తిరుగు బస్సులో సారూ నేనూ నవ్వుకునేవాళ్లం. సారు నవ్వడం నేను చూసింది ఆ బస్సుల్లోనే.

సుగుణమ్మ

సారు భార్య సుగుణమ్మ గవర్నమెంటు బడిలో టీచరు. ఆఫీసుకు టిఫిన్ పంపితే నాకూ కలిపి పంపేది. ఆమెకు కడుపులో గడ్డ అని తేలేసరికే ఆలస్యమైంది. దవాఖానకూ ఆఫీసుకూ మధ్య తిరుగుతూనే సారు పని చేశాడు. ఆ నెలల్లో ఆయన బల్ల మీద ఉన్న అధ్యాయం ఏమిటో తెలిస్తే ఎవరైనా లాక్కుని దాచేసి ఉండేవాళ్లు. నాకు తెలుసు, లాక్కోవడం నా వల్ల కాలేదు.

అందులో దేవుడు ఒక ప్రవక్తతో అంటాడు: నీ కండ్లకు ఇష్టమైనదాన్ని ఒక్క దెబ్బకు తీసుకుంటున్నాను. నువ్వు శోకం పెట్టొద్దు, కన్నీరు కార్చొద్దు. చప్పుడు కాకుండా మూలుగు. తలపాగా కట్టుకో, చెప్పులు తొడుక్కో, చావింటికి జనం తెచ్చే తిండి తినొద్దు. పొద్దున ఈ మాట జనానికి చెబుతాడు ప్రవక్త. సాయంత్రానికి ఆయన భార్య చనిపోతుంది. మర్నాడు పొద్దున చెప్పినట్టే చేస్తాడు.

సుగుణమ్మ చనిపోయిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మహబూబ్‌నగర్‌లోని అత్తవారింటి నుంచి కూతురు శాంత వచ్చింది. ఒక్కతే కూతురు. శవపెట్టె మూత వేయబోతుంటే ఆ పిల్ల తల్లి కాళ్ల మీద పడి శోకం ఎత్తుకుంది.

"ఓ అమ్మా... నన్నెవలకు అప్పజెప్పి పోతివే అమ్మా... నా తలకు నూనె పెట్టే చేతులు ఏడికి పాయెనే..."

మన ఊళ్లలో ఆడవాళ్లు రాగం తీసి, వరసలు పెట్టి, పోయినవాళ్ల మంచీ చెడ్డా అంతా చెప్పుకుని ఏడుస్తారు. విన్నవాళ్లకు కూడా దుఃఖం పొంగి బయటికి పోతుంది. కానీ సారువాళ్ల చర్చి సంఘంలో అది పనికిరాదు. మనం పోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ ఉన్నవాళ్లం, పాటలు పాడాలి గాని శోకాలు పెట్టొద్దు అంటారు. అయినా పిల్ల ఏడుస్తుంటే అడ్డుకునేంత కసాయి ఆ రోజు అక్కడెవరూ లేరు, తండ్రి తప్ప.

"శాంతా! నోరు ముయ్యి" అన్నాడు సారు. "ఏడ్వొద్దు. ఒక్క చుక్క రావొద్దు."

శాంత తల ఎత్తి తండ్రిని చూసింది. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు చెప్పులు. ఇంట్లో శవం ఉండగా చెప్పులతో నిలబడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ వేషం ఆయన బల్ల మీది అధ్యాయంలోదని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. శాంత కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఆమె గొంతు వినపడలేదు.

మట్టి అయ్యాక సాయంత్రం శాంత భర్త తల్లి అంజమ్మ బువ్వ తెచ్చింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, వియ్యాలవాళ్లు తేవాలి. నల్లగొండలో చుట్టాలింట్లో వండించి అన్నం, పప్పు, చారు మోసుకొచ్చింది. వాళ్లదీ చర్చే, కానీ ఊరి పద్ధతులు విడిచిపెట్టినవాళ్లు కారు. ఆమె గిన్నెలు దించి, "అన్నా, ఒక్క ముద్ద ఎంగిలిపడు. నువ్వు తినంది పిల్ల తినదు" అని బతిమాలింది.

సారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "తీసుకపో చెల్లే. నేను తినొద్దు. నా ఇంట్ల ఎవలూ తినొద్దు."

చావింటి బువ్వ వాపసు పంపడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతున్నాను. నీతో నాకు బంధుత్వం లేదని నలుగురిలో ముఖం మీద చెప్పడమే. పెళ్లిలో మర్యాద తక్కువైతే కాలం గడిచాక సర్దుకుంటారు. ఇది సర్దుకునేది కాదు. అంజమ్మ గిన్నెల మీద మూతలు పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. శాంత వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున సారు ఆఫీసుకు వచ్చాడు, అదే ఇస్త్రీ చొక్కాతో. నేను ఆగలేకపోయాను.

"ఏంది సారూ గిది? ఇంటికి పోండ్రి. పిల్లను పిలిపించుకోండ్రి."

"ప్రవక్త కంటే నేను ఎక్కువనా, సరళమ్మా?" అని కాగితాలు ముందుకు జరుపుకున్నాడు.

సంఘంలో ఆయన పేరు మారుమోగింది. ఏం విశ్వాసం, ఏం గుండె అని. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మొద్దని సామెత కూడా ఒకటి ఉంది కదా మనకు, దిక్కుమాలిన సామెత. పొగిడినవాళ్లెవరూ ఆయన ఇంటికి పోయి చూడలేదు. నేను పోయాను. సుగుణమ్మ చీర తీగ మీద ఆరేసింది ఆరేసినట్టే ఉంది. ఎండకు ఒక పక్క వెలిసిపోయింది.

గుండె గట్టి చేసుకో

ఆ అధ్యాయం సారు ఎవరికీ ఇవ్వలేదు. మిగతావన్నీ అయిపోతున్నాయి, అది మాత్రం ఆయన బల్ల మీదే ఉంది. కమిటీవాళ్లు ఫోను మీద ఫోను చేస్తున్నారు. చివరికి ఒక రోజు నా ముందు పెట్టాడు. చదివాను. చప్పుడు కాకుండా మూలుగు అనే చోట మరో మాట వచ్చి చేరింది: గుండె గట్టి చేసుకో, చప్పుడు చేయకు.

"గీ మాట ప్రవక్త చెప్పిండా సారూ?" అన్నాను.

సారు తల ఎత్తకుండానే, "భావంల ఉన్నది" అన్నాడు.

"భావంల లేదు. కింద చదువుండ్రి."

కింద ఏముందంటే, నా తెలుగులో చెబుతున్నాను, జనం ప్రవక్తను అడుగుతారు, నువ్వు చేసేదానికి అర్థమేంది, మాకు చెప్పవా అని. ఆయన చెబుతాడు: రేపు మీ గుడి కూలుతుంది, మీ కొడుకులూ బిడ్డలూ కత్తికి పోతారు. అప్పుడు మీరూ నాలాగే అవుతారు. శోకం పెట్టరు, ఏడవరు. మీ పాపాల్లో మీరే కుళ్లిపోతూ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మూలుగుతారు. అంటే ప్రవక్త ఏడవకపోవడం ధైర్యం కాదు, విశ్వాసం కాదు. రాబోయే దెబ్బ ఎంత పెద్దదో చూపించడానికి ఒక మనిషిని అట్లా నిలబెట్టారు. ఏడవడానికి కూడా చేతకాని రోజు వస్తుందని చెప్పే బెదిరింపు అది. నాకు ఆ దేవుడి మీద అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. కానీ మూలంలో ఉన్నది అదే.

"అది ఆదర్శం గాదు సారూ. శిక్ష. మీరు శిక్షను తీసుకొచ్చి మీ ఇంట్ల పెట్టుకున్నరు" అన్నాను.

"నాకు హీబ్రూ నేర్పుతవా?" అని గద్దించాడు. ఆయన అంత గట్టిగా అరవడం ఆఫీసులో అదే మొదలు.

"హీబ్రూ మీరే నాకు దిద్దిండ్రు. గందుకే చెప్తున్న."

మూలం చూసి నేనూ ఒకటి రాస్తాను, రెండు పాఠాలూ ఊరికి తీసుకుపోదాం, విన్నవాళ్లనే అడుగుదాం అన్నాను.  సారు తల ఊపాడు. నా పాఠంలో, కుళ్లిపోతూ అన్న వాక్యం దగ్గర, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అని నేను రాసిన మాటలు ఆయనకు నచ్చలేదు. మూలంలో ఒకరితో ఒకరు మూలుగుతారనే ఉంది, ముఖాలు ఎక్కడివి అన్నాడు. మనుషులు ఒకరితో ఒకరు మూలగాలంటే ముఖాలు చూసుకోరా అన్నాను. అది తేలకుండానే మోత్కూరు బస్సు ఎక్కాం.

బిడ్డలు లేరా ఆయనకు

బడి వరండాలో ఎనిమిది, తొమ్మిది మంది కూర్చున్నారు. పత్తి ఏరే పని అయిపోయిన రోజులు. ముందు సారు తన పాఠం చదివాడు. చదవడంలో ఆయనకు సాటి లేరు. అయ్యాక ఒక ముసలాయన, "గట్టి మనిషి" అన్నాడు. మిగతావాళ్లు అవునన్నారు. సారు నా వైపు చూశాడు. 

తర్వాత నేను రెండోది చదివాను. గుండె గట్టి చేసుకో లేదు. చప్పుడు కాకుండా మూలుగు అని మాత్రమే ఉంది. చదివి ఆపేసరికి గట్టి మనిషి అన్నాయన బీడీ వెలిగించబోయి ఆగిపోయాడు. ఒక మూలన కూర్చున్న నడివయసు ఆడమనిషి అడిగింది.

"బిడ్డలు లేరా సారూ ఆయనకు?"

సారుకు ప్రశ్న అర్థం కానట్టుంది. "ఎవలకమ్మా?"

"గా పెండ్లాం సచ్చినాయనకు. ఆయనకంటే దేవుడు ఏడ్వొద్దన్నడు, సరే. తల్లి సచ్చిన పిల్లలుంటరు గద. వాళ్లను గూడ వద్దన్నడా దేవుడు?"

తెలుసుకుందామనే అడిగింది ఆమె. కథ వింటే ఎవరికైనా వచ్చే సందేహమే. సారు కాగితం వైపు చూశాడు. మళ్లీ మళ్లీ చూశాడు. ఆ అధ్యాయం ఆయనకు కంఠస్థం. అందులో పిల్లల ప్రసక్తే లేదని ఆయన కన్నా తెలిసినవాళ్లు ఈ జిల్లాల్లో లేరు.

"లేదమ్మా" అన్నాడు. "వాళ్లను వద్దనలేదు. ప్రవక్తకొక్కనికే చెప్పిండు."

"గట్లనా. మరింకేం, వాళ్లన్న ఏడ్చుకుంటరు" అని ఆమె కొంగు దులుపుకుని లేచింది.

తిరుగు బస్సులో సారు కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నల్లగొండ దగ్గరికి వచ్చాక అన్నాడు: "రేపు మహబూబ్‌నగర్ పోదాం. నువ్వు రావాలె సరళమ్మా. ఒక్కన్ని పోతే వాకిట్లకెళ్లే మర్లుత."

వస్తాను సారూ అన్నాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పిల్ల దొరికింది, ఇక ఈ మనిషి బతికాడు అనుకున్నాను.

ఆ ఇంట్లో

దేవరకొండ మీదుగా పోయేసరికి మధ్యాహ్నం దాటింది. అంజమ్మ వాకిట్లోనే ఉంది, చేటలో కందులు చెరుగుతోంది. సారును చూసి చేట పక్కన పెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. సారు గడప బయటే చెప్పులు విడిచాడు. సుగుణమ్మ పోయిన తర్వాత ఎవరింటి ముందైనా ఆయన చెప్పులు విడవడం నేను చూసింది అప్పుడే.

"చెల్లే, గానాటి బువ్వ పెడ్తవా?" అన్నాడు.

అంజమ్మ పెదవులు బిగించింది.  ఆమె గనక తలుపు వేసుకుంటే తప్పు పట్టేవాళ్లు లేరు.

"గానాటి బువ్వ గానాడే అయిపోయిందన్నా" అంది చివరికి. "గిది ఇయ్యాల్టి బువ్వ. కాళ్లు కడుక్కోని రా."

చాప వేసింది. కంచంలో అన్నం, పప్పు పెట్టి తెచ్చి, ముద్ద తానే కలిపి సారు చేతిలో పెట్టింది. సారు ఆ ముద్దను చేతిలో పట్టుకునే ఉన్నాడు. అప్పుడు వంటింటి గుమ్మంలోకి శాంత వచ్చింది. చిక్కిపోయింది. నన్ను చూసి తల ఊపింది గాని తండ్రిని పలకరించలేదు. కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, మాట తడబడకుండా, ఆఫీసులో సెలవు అడిగినట్టుగా అడిగింది.

"నాయినా, ఇప్పుడు ఏడ్వొచ్చునా?"

నేను కొంగుతో ముఖం కప్పుకున్నాను. అంజమ్మ, "అయ్యో బిడ్డా..." అంటూ గోడ పట్టుకుంది.

"ఏడువు బిడ్డా" అన్నాడు సారు. "నేను తప్పు చదివిన. నిన్ను వద్దని ఎవలూ చెప్పలేదు. ఏడువు. నా వంతు గూడ నువ్వే ఏడువు."

శాంత తండ్రి ఎదురుగా కూర్చుంది. జుట్టు ముడి విప్పుకుంది, శోకానికి కూర్చునే ఆడవాళ్లు విప్పుకున్నట్టే. "ఓ అమ్మా..." అని ఎత్తుకుంది. అక్కడితో ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. "నన్నెవలకు అప్పజెప్పి..." మాటలు వస్తున్నాయి, రాగం రావడం లేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు వస్తున్నాయి మాటలు. మూడోసారి నోరు తెరిచింది, అంతే, ఏమీ రాలేదు. పొడి కళ్లతో తండ్రి వైపు చూసింది.

"వస్తలేదు నాయినా" అంది. "గానాడు లోపలికి వొయింది. ఇగ వస్తలేదు."

అంజమ్మ వచ్చి కోడలి వీపు మీద చరిచింది, పొలమారినవాళ్లకు చరిచినట్టు. "ఏడువే తల్లీ, ఏడువు" అంటూ తాను ఏడ్చింది. నేను ఏడ్చాను. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి వాళ్లూ ఏడ్చారు. ఆ ఇద్దరే ఏడవలేదు. సారు చేతిలో ముద్ద ఆరిపోయింది. ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు కాదది, దగ్గు కాదు. శాంత గొంతులోంచి కూడా అట్లాంటిదే వచ్చింది. తండ్రి కూతుర్ని చూస్తున్నాడు, కూతురు తండ్రిని చూస్తోంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

తర్వాత శాంత నల్లగొండకు రావడం, పోవడం మొదలైంది. వంట చేసేది, ఇల్లు ఊడ్చేది, తీగ మీది చీర మడిచి లోపల పెట్టింది. బయటివాళ్లకు అంతా సర్దుకున్నట్టే కనిపించింది. ఆ గొంతుల చప్పుడు వినలేక, ఆ ఇద్దరూ ఒకచోట ఉన్న గదిలో నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయేదాన్ని.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మర్నాడే సారు ఆఫీసుకు వచ్చి అధ్యాయం తీశాడు. గుండె గట్టి చేసుకో అన్న తన మాటను ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. నేను రాసిన, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మూలుగుతారు అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. దాని పక్కన టిక్కు పెట్టి, "గిది సరిగ్గనే రాసినవు" అన్నాడు.

అంతకాలంలో ఆయన నా తెలుగును మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ తండ్రీకూతుళ్ల విషయంలో అది తప్పని తేలి ఉంటే ఎంత బాగుండేది.